రెండో బిందె

దస్తగిరి గురువు ముందు తలవంచుకుని కూర్చున్నాడు. కొండ మీది దర్గా విడిదిలో అతిథుల బాగోగులు మూడేళ్లుగా అతనే చూస్తున్నాడు.

"హజ్రత్, మీరు చెప్పినట్టే నడుపుతున్నా. కట్టెలు కొట్టకుండా వేన్నీళ్లు మాన్పించినాను, కొండవాలున చెట్లు నిలబడినాయి. మనిషికి రోజుకు ఒక బిందే అని చెప్పినాను, దిగుడుబావిలో నీళ్లు రెండు మెట్లు పైకొచ్చినాయి. అయినా వచ్చినోళ్లు తృప్తిగా పోవడం లేదు. మొన్న ఒకాయన, సమాధికెందుకు, మీ బావికే చాదర్ కప్పుకోండి అని పోయినాడు."

గురువు లతీఫ్ సాహెబ్ అడిగాడు: "ఈరోజు అట్ల ఎవరు పోయినారు?"

"ఓబులేసని ఒక ముసలాయన. రెండో బిందె కావాలన్నాడు, గుడ్డ ఉతకాలంట. రాజుకైనా ఒకటే, పేదకైనా ఒకటే తాతా, ఇంటికి పోయి ఉతుక్కో అన్నా."

"ఏం గుడ్డ?"

"అడగలేదు."

గురువు లోపలికి వెళ్లి ఒక పాత నేతచీర తెచ్చాడు. కొంగు మీద మందు మరక ఎండి గట్టిపడి ఉంది.

"పోతాపోతా నా చేతిలో పెట్టినాడు. భార్యది. ఈ చీరలోనే కన్ను మూసిందంట. ఎవరైనా లేని ఆడమనిషికి ఇమ్మన్నాడు. ఉతక్కుండా ఇస్తున్నా సామీ, తప్పు కాయండి అన్నాడు."



గురువు తన వంతు బిందె తెచ్చుకుని రాతి మీద కూర్చున్నాడు. కొంచెం కొంచెంగా పోస్తూ, మరక పోయేదాకా చీర ఉతికాడు. మురికినీళ్లు దానిమ్మ మొదట్లో పోశాడు. బిందె ఖాళీ అయింది. అప్పుడే సాయంకాలపు నమాజు పిలుపు వినిపించింది.

నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునేందుకు దస్తగిరి తన బిందె తెచ్చి ముందు పెట్టాడు. "వజూ చేసుకోండి హజ్రత్."

"అవి నీవి. మనిషికి ఒకటే కదా."

గురువు నేల మీద కూర్చుని, శుభ్రమైన మట్టికి రెండు అరచేతులు ఆనించి, ముఖమూ చేతులూ తుడుచుకున్నాడు. నీళ్లు లేనివాడి వజూ అది. తర్వాత నమాజుకు వెళ్లాడు.

నమాజు ముగియగానే దస్తగిరి తన బిందె భుజాన పెట్టుకుని, ముసలాయనను వెతుక్కుంటూ కొండ దిగాడు. రోడ్డు మీద ఎవరూ లేరు. బస్సు వెళ్లి చాలాసేపైందని టీకొట్టు ఆమె చెప్పింది.

అతను తిరిగొచ్చేసరికి పొద్దు కుంకింది. రెండో బిందె అడగబోయేవాళ్ల కోసం నిండు బిందెను విడిది గడప ముందు దించాడు.

మరుసటి నమాజు పిలుపు వినబడింది. దస్తగిరి బిందె వైపు చూడకుండా నేల మీద కూర్చుని, రెండు అరచేతులూ మట్టికి ఆనించాడు.