నీరుగొబ్బి పూసిన గట్టు

అనగా అనగా ఒక రాజు. పేరు మణిధరుడు. మంచివాడే గానీ పొగిడితే పొంగిపోతాడు. అది తెలిసే ధూమకేతు అనే మాంత్రికుడు శిల్పి వేషంలో వచ్చాడు.

"మహారాజా, మీ కొలను చుట్టూ ఈ బురదేమిటి, ఈ ముళ్ళమొక్కలేమిటి! నాలుగువైపులా రాతిమెట్లు కట్టిస్తే మీ పేరు నిలిచిపోతుంది" అన్నాడు.

రాజు మొక్కలు పీకించాడు, మెట్లు కట్టించాడు, వాటిమీద తన పేరు చెక్కించాడు. మర్నాడే మాంత్రికుడు నిజరూపంతో వచ్చి రాణిని రాయిగా మార్చేశాడు.

"ఏడాదిలోగా రాజ్యం నాకు అప్పగించు. లేదంటే ఈ రాయి పొడైపోతుంది" అని మాయమయ్యాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. ముగ్గురూ కొలను దగ్గర కూర్చుని ఏడుస్తుంటే ఒక ముసలి తాబేలు పైకొచ్చింది.

"నాయనలారా, ఆ మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక నల్లతుమ్మెదలో ఉంది. వెంటపడితే అది చిక్కదు. నీలిరంగు నీరుగొబ్బి పూస్తే మాత్రం ఎక్కడున్నా ఎగిరొస్తుంది. వాడు పీకించింది ఆ మొక్కలనే" అని, నోట్లో దాచిన గింజలు మెట్టుమీద రాల్చింది.

ముగ్గురూ వాటిని పంచుకున్నారు. పెద్దవాడు తన గింజల్ని బంగారుకుండలో నాటి కొలను నడుమ ముంచాడు. కుళ్ళిపోయాయి. రెండోవాడు వెండిగంగాళంలో నాటి మేడమీద పెట్టి పన్నీరు పోశాడు. మాడిపోయాయి. చిన్నవాడు శరభుడు తాబేలునే అడిగాడు.

"అవ్వా, అది ఎక్కడ పుడుతుంది?"

"నిండునీళ్ళలోనూ కాదు, పొడినేలలోనూ కాదు నాయనా. కాలు పెడితే చీలమండ దాకా దిగబడాలి. ఆ చోటంతా మీ నాన్న రాళ్ళు పరిచాడు."

శరభుడు తండ్రి దగ్గరికెళ్ళి, "నాన్నగారూ, ఒకవైపు మెట్లు తవ్వేయాలి" అన్నాడు.

రాజు రాణి వైపు తిరిగాడు. అప్పటికే రాతిరాణి వేళ్ళు బీటలు వారుతున్నాయి. ఆ వేళ్ళు చూసి ఆయన గుండె చెరువైంది. ఎవరినీ పిలవకుండా తనే గునపం పట్టి, తన పేరున్న మెట్టునే ముందు పగలగొట్టాడు.

బురద తేలింది. శరభుడు తన వంతు గింజలు చల్లాడు. తడి తగలగానే అవి జిగురుపట్టి మట్టిని కరుచుకున్నాయి. వానకు కొట్టుకుపోకుండా, బాతులు తొక్కకుండా అక్కడే కాపలా కాశాడు. వానలు వెళ్ళాయి, మంచు మొదలైంది. మొక్కలు నడుమెత్తు పెరిగాయి గానీ మొగ్గ లేదు.

గడువు చివరి రోజు మాంత్రికుడు నవ్వుకుంటూ వచ్చాడు. సరిగ్గా అప్పుడే ముళ్ళ మధ్య ఒక నీలిపువ్వు విచ్చుకుంది. ఝుమ్మంటూ తుమ్మెద వచ్చి వాలింది. శరభుడు ముళ్ళతో సహా పువ్వును పిడికిట బిగించాడు. చేయంతా రక్తం. అయినా లోపలి తుమ్మెద నలిగేదాకా వదల్లేదు. మాంత్రికుడు నిలువునా కూలిపోయాడు.

రాణి కళ్ళు తెరిచింది.

"ఏం నాన్నా, ఈ రక్తమేంటి? కాళ్ళకు ఈ బురదేంటి?" అంటూ పమిటచెంగుతో తుడవబోయింది. శరభుడు తల్లిని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అన్నలిద్దరూ కలిసి తమ్ముడికే పట్టం కట్టారు. అతని పెళ్ళి ఘనంగా జరిగింది. అతను నలభై ఏళ్ళు చల్లగా రాజ్యమేలాడు. రాజమాత తన చేత్తో మనవలకు అన్నం కలిపి పెట్టింది, వాళ్ళ పిల్లలకూ పెట్టింది.