గాలెమ్మ దిగిన ట్రాక్టరు

"కూర్చున్నందుకు కూలా?" అని అరిచాడు మాలకొండయ్య.

"కూర్చోకపోతే నీ బండి నిలబడిద్దా?" అని అంతకన్నా గట్టిగా అరిచింది గాలెమ్మ.

"గంపెత్తావా? పార పట్టావా? చెమటన్నా పట్టిందా నీకు?"

అప్పటికే ఆ తగువు ముదిరి పాతబడింది. ఎప్పటిదంటారా? ఊరికంతా ఒక్కటే ట్రాక్టరు ఉన్న కాలంలోది. మీరూ పుట్టలా, నేనూ పుట్టలా. మా అత్త చెప్పింది, నేను చెబుతున్నా. ఊ కొడతా వినండి, లేకపోతే లేచి పోండి.

ఆ ఒక్క ట్రాక్టరూ మాలకొండయ్యది. అదీ ముసలిదే. ఆయన పెద్ద ఆసామి, గుప్పిట విప్పని మనిషి. దిబ్బల్లో ఎరువు ఎత్తేదానికి ఏటా ఆడాళ్ళు గంపలు పట్టుకోని వచ్చేవాళ్ళు. రోజుకి రూపాయిన్నర కూలి. అది ఇచ్చేటప్పుడు ఆయన మొహం పన్ను పీకించుకున్నట్టు ఉండేది.

ఒకసారి పట్నంలో పాత ఇనుప కొట్టుకాడ ఒక లోడరు కనపడింది. ట్రాక్టరుకి ముందు తగిలిస్తారే, రెండు ఇనుప చేతులు, వాటి చివర పెద్ద తొట్టి, అది. ఎరువు తోడి, పైకెత్తి, బండిలో పోసిద్ది. యాడ పనిచేసి అరిగిందో ఏమో, తుప్పు పట్టి పడుంది. "ఇది ఉంటే గంపలోళ్ళు ఎందుకు?" అనుకోని తూకానికి కొనుక్కొచ్చాడు.

బిగించేదానికి వెల్డింగు మస్తాను వచ్చాడు. ఆ చేతులు వేరే ట్రాక్టరుకి పుట్టినయ్యి. దీనికి ఎట్టా అతుకుతయ్యి? మొదటిసారి బోల్టు బెజ్జాలు కలవలా. రెండోసారి పట్టీలు అతికిస్తే, తొట్టి లేపంగానే పటుక్కున తెగినయ్యి. మూడోసారి మందపు పట్టీలు వెనక ఇరుసు దాకా లాగి బిగించాడు. నిలబడింది. మాలకొండయ్య తొట్టి నిండా ఎరువు తోడి పైకి లేపాడు. తొట్టి లేచింది. దాంతోపాటు వెనక చక్రాలూ లేచినయ్యి!

"వెనకాల బరువు చాల్లేదు ఆసామీ. ఇనుప దిమ్మ పోయించి కట్టాల," అన్నాడు మస్తాను.

"మళ్ళీ ఖర్చా?" అని చుట్టూ చూశాడు మాలకొండయ్య. గంప పట్టుకోని గాలెమ్మ కనపడింది.

పేరు గాలెమ్మే గానీ మనిషి రోలు. "బండెక్కమాకే గాలెమ్మా, ఎద్దులు ఏడుస్తయ్యి" అని ఊరంతా ఎకసెక్కాలాడేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఒక గుడిసె ఉంది, దాని మీద తాటాకు కుళ్ళింది. వానలకి ముందు కొత్తాకు కప్పుకోవాల. ఆమెకి కావాల్సింది అదొక్కటే.

"ఎక్కి వెనకాల కూర్చోవే. మజ్జిగ పోయిస్తా," అన్నాడు ఆసామి.

మిగతా ఆడాళ్ళని ఇంటికి పొమ్మన్నాడు. గాలెమ్మ ఎక్కి కూర్చుంది. చక్రాలు నేలకి దిగినయ్యి. కాలే ఇనుము మీద, పొగ మొహాన కొడతా ఉంటే, పేడ నెత్తిన రాలతా ఉంటే, పొద్దుగుంకులూ కూర్చుంది. చూసేవాళ్ళకి అది కూర్చోటమే. నడుముకి తెలుసు అదేందో.

నాలుగు రోజులకి మొదటి దిబ్బ ఖాళీ అయింది. కూలి అడిగింది.

"కూర్చున్నందుకు కూలా? గంపెత్తావా? పార పట్టావా? చెమటన్నా పట్టిందా? రెండో దిబ్బకి చూద్దాంలే."

రెండో దిబ్బ ఖాళీ అయింది. అడిగింది.

"కూర్చున్నందుకు కూలా? మూడో దిబ్బకి చూద్దాంలే."

మూడో దిబ్బ అయిపోవస్తంది, ట్రాక్టరు ఎరువు గుంట అంచున ఉంది. పైన మబ్బు కమ్మింది. తొట్టి గాల్లో ఉంది. గంపలోళ్ళంతా గట్టు మీద నిలబడి చూస్తన్నారు. అప్పుడే జరిగినయ్యి నేను ముందు చెప్పిన అరుపులు.

"ఇస్తావా, దిగనా?" అంది గాలెమ్మ.

"దిగవే! నువ్వేమన్నా ఇంజనువా, ఆగిపోయేదానికి?"

చూశారా? మూడు దిబ్బలు ఆమె బరువు మీద బతికి, ఆమె ఎందుకు కూర్చుందో మర్చేపోయాడు!

గాలెమ్మ దిగింది. వెనక చక్రాలు లేచినయ్యి. ట్రాక్టరు ముక్కు గుంటలో దిగబడింది. మాలకొండయ్య ఎగిరి మొలలోతు పేడలో పడ్డాడు. నెత్తి మీద ట్రాక్టరు వాలి ఉంది, ఊగతా ఉంది.

"గాలెమ్మా! ఎక్కవే తల్లీ!"

గాలెమ్మ నడుం మీద చేతులు పెట్టుకోని నిలబడింది. "ఎక్కి ఏం చెయ్యాల ఆసామీ?"

"కూర్చో!"

"కూర్చుంటే అది పనా, కాదా?"

"పనే! పనే! పనే!"

"పనికి కూలి ఉందా, లేదా?"

"ఉందే తల్లీ, ఇస్తా!"

ఊరంతా వినింది. గాలెమ్మ ఎక్కి కూర్చుంది. చక్రాలు దిగినయ్యి. ఆసామిని బయటికి లాగారు.

స్నానం చేశాడు, తెల్ల పంచె కట్టాడు, మాట మార్చాడు. "ప్రాణం మీదికొచ్చి ఏదో అంటే, అదీ ఒక మాటేనా?" అన్నాడు. తెల్లారి విరిగిన రాతి గుండు ఒకటి తెచ్చి వెనక గొలుసుతో కట్టాడు. ఇంక గాలెమ్మతో పనేముంది?

ఆ వానలకి గుడిసె కారింది. ఆ పైయేడూ కారింది. వచ్చి వాకిట్లో నిలబడి అడిగేది, తిట్టి పంపేవాడు. మూడో ఏడు నానిన గోడ కూలి ఆమె మీద పడింది. పోయింది. నాలుగు మోపుల తాటాకు కోసం ఒక మనిషి పోయింది! దాన్ని ఏమనాలో నాకు తెలిసిన తిట్లల్లో లేదు.

మళ్ళీ దిబ్బలెత్తే రోజులొచ్చినయ్యి. లోడరు పట్టీ తెగింది. మస్తాను వచ్చాడు, గొలుసుకి కట్టిన రాయిని చూశాడు, సుత్తి కింద పెట్టాడు.

"గాలెమ్మ కూలి ఇచ్చావా ఆసామీ?"

"చచ్చినదానికి యాడ ఇచ్చేది?"

"ఆ రాయి మీద పెట్టు. ఆమె కూర్చున్న చోటే కూర్చుందిగా."

మాలకొండయ్య పక్కూరి మేస్త్రీని పిలిపించాడు. ఆ మేస్త్రీ కూడా గాలెమ్మ కూలి ఇచ్చావా అన్నాడు. పట్నం మేస్త్రీని పిలిపించాడు. ఆయనా అదే మాట. గంపలోళ్ళని పిలిస్తే ఒక్కరూ గంప తియ్యలా. ఎరువు దిబ్బలోనే ఉంది, పొలం ఎదురుచూస్తా ఉంది. అప్పుడు పెట్టాడు. రాయి మీద పెట్టిన కూలి గంపలోళ్ళు తీసుకున్నారు.

ఇప్పటికీ మావైపు లోడరు బిగిస్తే, వెనక కట్టే బరువుని గాలెమ్మ అనే అంటారు. పసుపు పూస్తారు. మొదటి తొట్టి లేపేముందు దాని మీద ఒక రోజు కూలి పెడతారు, దిబ్బకాడి ఆడాళ్ళు తీసుకుంటారు. మా ఆయన పోయినాక నేనూ తీసుకున్నా. ఎవడన్నా కూలి ఎగ్గొట్టబోతే, "గాలెమ్మని దింపమంటావా?" అంటే చాలు, చెయ్యి జేబులోకి పోద్ది.

మాలకొండయ్య ఎంత పెట్టాడంటారా? దిబ్బకి నాలుగు రోజుల చొప్పున మూడు దిబ్బలకి పద్దెనిమిది రూపాయలు. అందులో మజ్జిగ తాగిందని పావలా పట్టుకున్నాడు. రాయి మీద పెట్టింది పదిహేడు రూపాయల ముప్పావలా.