వెళ్ళొస్తామన్నవాళ్ళ అన్నం

మధ్యాహ్నం దాటింది. ముసురు పట్టి ఉంది.

వాగు ఒడ్డున ఒక సావిడి. అందులో దారిన పోయేవాళ్ళకి అన్నం వండిపెట్టే ఆమె ఎసట్లో ఇంకో నాలుగు గుప్పిళ్ళ బియ్యం పోసింది.

"ఎవరికి?" అన్నాడు తూనిక మనిషి. సరుకు తూచి ఇవ్వడానికి ఆమె కూతురు కుదిర్చిన మనిషి అతను.

"పొద్దున సంతకి పోయినవాళ్ళకి."

"ఈ వానలో వస్తారని ఎవరు చెప్పారు?"

"వాళ్ళే. వెళ్ళొస్తామన్నారు."

అతను నవ్వాడు. "అందరూ అంటారమ్మా. గుమ్మం దిగేటప్పుడు అదొక దగ్గులాంటిది."

ఆమెకు అది దగ్గు కాదు. ఒకప్పుడు ఆమెకున్నవి ఒక పొయ్యి, నాలుగు తాటాకుల నీడ. తిని లేచినవాళ్ళు "వెళ్ళొస్తానమ్మా" అనేవారు. ఆమె "వెళ్ళిరా" అనేది. అన్నాక వాళ్ళ వంతు కూడా కలిపి రాత్రికి ఎసరు పెట్టేది. వచ్చినవాళ్ళు తమకోసం ఉంచిన వేడన్నం చూసి తెల్లబోయేవారు. మరోసారి ఇంకొకరిని వెంటబెట్టుకొచ్చేవారు. రానివాళ్ళ అన్నం పొద్దున్నే ఆమె చద్ది.

అలా మూడు పొయ్యిలయ్యాయి. తాటాకుల నీడ పెంకుల సావిడి అయింది. వాగు దాటేవాళ్ళు పట్టుకోవడానికని, సావిడి కప్పును మోస్తూ నడుమ ఉన్న నిట్రాడు నుంచి అవతలి దిబ్బ మీది మద్దిచెట్టుకి ఆమె మోకు కట్టించింది.

ఈ పొద్దున కూతురితో మాటామాటా పెరిగింది.

"రానివాళ్ళకి వండుతావు, చద్ది తింటావు. సావిడి నడిపేది ఇలాగేనా?"

"ఇలాగే నడిచింది."

"దారినపోయే వాళ్ళందరికీ ఎదురుచూస్తావు. రాత్రి నేను తిన్నానో లేదో చెప్పు చూద్దాం."

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

సంతకి పోవడానికి కూతురు గొడుగు తీసుకుంది. "పోతున్నా" అంది. వెళ్ళొస్తానని అనలేదు. తల్లికి "వెళ్ళిరా" నోటిదాకా వచ్చింది. కోపం దాన్ని మింగేసింది.

ఇప్పుడు ఎగువన పెద్ద వానే పడినట్టుంది. చూస్తూండగానే వాగు ఎర్రబడి, లేచింది. కొట్టుకొచ్చిన కంప మోకుకి చుట్టుకుంది. నిట్రాడు కిర్రుమంది. పైనుంచి పెంకు ఒకటి జారి పొయ్యి పక్కన పగిలింది.

తూనిక మనిషి కత్తి తెచ్చాడు. "మోకు కోసేద్దాం. లేకపోతే సావిడి మిగలదు."

అప్పుడే అవతల మనుషులు కనిపించారు. మలారం మూట నెత్తిన పెట్టుకున్న గాజులామె. ఇద్దరు తాపీవాళ్ళు. కుండలమ్మే తాత. వాళ్ళ వెనక రెండో పాయ కూడా పొంగింది. నిలబడ్డ దిబ్బ చాప అంత అవుతోంది.

"కత్తి అక్కడ పెట్టు. వచ్చి నిట్రాడుకి భుజం ఆనించు."

"అమ్మా, నీ సావిడి మాట మీద నిలబడిందనుకుంటున్నావు. అది ఈ నిట్రాడు మీద నిలబడింది!"

"వాళ్ళు చెప్పి వెళ్ళారయ్యా."

అతను కత్తిని చూశాడు. అవతలి దిబ్బను చూశాడు. కత్తి కింద పెట్టి, నిట్రాడుకి భుజం ఇచ్చాడు.

ఆమె పొయ్యిలు ఆర్పింది. అన్నం గుండిగను వెనక మిట్ట మీది బండ మీదికి ఈడ్చి మూతపెట్టింది. తిరిగొచ్చి నీళ్ళ అంచున నిలబడింది.

గాజులామె మలారాన్ని వాగుకి వదిలేసి ముందు వచ్చింది. తరవాత తాతను నడుమ పెట్టుకుని తాపీవాళ్ళు వచ్చారు.

"మా పిల్ల కనపడిందా?"

"వెనకే ఉందమ్మా," అన్నాడు తాత, దగ్గుతూ. "ముందు నాకు మోకు పట్టించింది. 'నువ్వు పద తాతా, నీ అన్నం చల్లారుతుంది' అంది."

వాన తెరలో దిబ్బ కనిపించడం లేదు. కూతురి గొడుగు ఒక్కటే తిరుగుతూ కొట్టుకుపోయింది.

పొద్దున అనాల్సిన మాటను ఆమె ఇప్పుడు అరిచింది. "వెళ్ళిరావే! వెళ్ళిరా!"

"రావాల్సినదాన్ని వెళ్ళమంటుందేంట్రా?" అన్నాడు ఒక తాపీవాడు. రెండోవాడు అతని నోరు మూశాడు.

లోపల నిట్రాడు పగులు పట్టిన చప్పుడు. "అమ్మా, ఇక ఆగదు!" తూనిక మనిషి కేక. కేక వేశాడే గాని భుజం తీయలేదు.

మోకు కదిలింది. దాని మీద ఒక చెయ్యి. ఆ వెనక ఇంకో చెయ్యి.

కూతురి కాలు మట్టికి తగిలింది. తల్లి జబ్బ పట్టి లాగింది. "వదిలేయ్! బయటికి రా!" అని లోపలికి అరిచింది. అతను బయటికి దూకాడు. నిట్రాడు విరిగింది. సావిడి మోకాళ్ళ మీద కూలబడి, మూడు పొయ్యిలతో సహా వాగులోకి జారింది.

"అమ్మా, సావిడి..." అంది కూతురు.

"అదొక్కటే చెప్పకుండా పోయింది."

బండ మీద ఆమె విస్తళ్ళు పరిచింది. మూత తీస్తే ఆవిరి లేచింది. ఒక్కొక్కరినీ ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

"గాజులామె, ఒకటి. తాపీవాళ్ళు, మూడు. తాత, నాలుగు." కూతురి తడి తల దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. "ఐదు. రాత్రి తిన్నావా?"

"లేదు."

ముందు కూతురికే వడ్డించింది.

"విస్తళ్ళు ఆరున్నాయి," అన్నాడు తూనిక మనిషి దూరంగా నిలబడి. "లెక్క తప్పావమ్మా. వెళ్ళింది ఐదుగురే. నేనెక్కడికీ వెళ్ళలేదుగా."

అతని భుజం మీద తోలు లేచిపోయి ఉంది. ఆమె దాని వంక చూసింది. ఆరో విస్తరి మీద నీళ్ళు చిలకరించింది.

"ఆరు," అంది.