రుమానా దాచిన పేరు

ఎప్పటి మాటో చెప్పమంటే నా వల్ల కాదు. నాకు చెప్పిన ముసలమ్మకీ తెలియదు. ఎడారి అంచున ఒక నగరం ఉండేది. దాన్ని తుఘాన్ అనే తుర్కు సుల్తాను ఏలేవాడు. పసితనంలో గడ్డిమైదానాల నుంచి పట్టుకొచ్చి అమ్మేసిన బానిస పిల్లవాడతను. విల్లు పట్టాడు, గుర్రమెక్కాడు, చివరికి గద్దెనెక్కాడు. ఆ కాలపు తుర్కులకు అదేమంత వింత కాదు.

వింత ఆ తర్వాత జరిగింది. ఒక శుక్రవారం నమాజు కాగానే ఖాజీ లేచి నిలబడ్డాడు.

"సుల్తానుకి విడుదల పత్రం లేదు. మొదట కొన్న జీనుల పనివాడు ఇతన్ని అమ్మనూ లేదు, విడిచిపెట్టనూ లేదు. సైనికులు ఊరికే లాక్కెళ్లారు. బానిస ఏలిక కాలేడు. వచ్చే శుక్రవారంలోగా పత్రం రాకపోతే గద్దె దిగాలి."

మసీదు మసీదంతా గగ్గోలెత్తింది.

"మరి యజమాని ఎవరు?" అన్నారెవరో.

"జీనుల పనివాడు పోయాడు. ఇప్పుడు అతని భార్యే. కాలువ దగ్గర బట్టలుతికే రుమానా."

ఆ కబురు వినగానే ముసలి రుమానా చేతిలోని తడిబట్ట జారి నీళ్లలో కొట్టుకుపోయింది. సుల్తాను తన సొత్తా? ఆ పిల్లవాడా ఈ సుల్తాను? ఆ పిల్లవాణ్ణి తను ఏం చేసిందో ఆమెకొక్కదానికే తెలుసు.

మొదట వజీరు పట్టుబట్టలు మోయించుకొచ్చాడు. "విడిచిపెట్టానని ఒక్క మాట అనమ్మా" అన్నాడు.

"అడగవలసినవాణ్ణి రమ్మనండి" అంది రుమానా.

తర్వాత సేనాని వచ్చి కత్తి మీద చెయ్యి వేశాడు.

"అడగవలసినవాణ్ణి రమ్మనండి" అంది రుమానా.

మూడోసారి సుల్తానే వచ్చాడు, కాళ్లకు చెప్పుల్లేకుండా. వెనకే ఖాజీ.

"అమ్మా, నన్ను విడిచిపెడతావా?"

ఖాజీ కలం తీసి, "తుఘాన్, అబ్దుల్లా కొడుకు" అని రాయబోయాడు. కన్నవాళ్లెవరో తెలియని బానిసలందరికీ అలాగే రాసేవారు.

"అలా రాయకండి" అంది రుమానా. "నాయనా, మీ అమ్మ పేరేంటి?"

సుల్తాను నోరు తెరిచాడు. తన సైనికులందరినీ పేరుపెట్టి పిలిచే మనిషికి ఆ ఒక్క పేరు రాలేదు.

"గుర్తులేదు" అన్నాడు.

"నాకుంది. మా ఇంటికొచ్చిన మొదటిరోజు, మా అమ్మ ఐసులు, నేను ఐసులు కొడుకుని, ఇంటికి పంపండి అని ఏడ్చావు. రెండోరోజూ అదే ఏడుపు. మూడోరోజు నీ నోటిమీద కొట్టాను. ఆ తర్వాత నువ్వా పేరు ఎత్తలేదు. నిన్ను విడిచిపెట్టడానికి నా మాట చాలు నాయనా. నన్నెవరు విడిచిపెడతారు?"

సుల్తాను ఆ బట్టలుతికే బండ మీదే కూలబడ్డాడు. "ఐసులు" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అనేటప్పటికి పసివాడిలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే రుమానా చెయ్యి అందుకున్నాడు. కొట్టిన ఆ చేతినే కళ్లకద్దుకున్నాడు.

"విడిచిపెట్టాను" అంది రుమానా. పత్రంలో "తుఘాన్, ఐసులు కొడుకు" అని రాశారు.

రుమానా ఆ ఏడాదే పోయింది. ఆ బండ పక్కనే పూడ్చారు. ఇప్పటికీ ఆ నగరానికి పనికో పెంపకానికో పరాయి బిడ్డ వస్తే, ముందు అక్కడికే తీసుకెళ్తారు. మీ అమ్మ పేరేంటని అడిగి, ఆ పేరు అందరూ మూడుసార్లు పైకి అంటారు. ఏడ్చే బిడ్డ మీద ఎవరైనా చెయ్యెత్తితే, పక్కవాళ్లు "రుమానా చెయ్యి" అంటారు. అంతే, ఎత్తిన చెయ్యి దిగిపోతుంది.