మాట మానేసిన పెట్టె

అప్పలాచారి మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. గుమ్మంలోకి వెళ్లి చెప్పులేసుకుంటారు. అడిగినవాడు వెనకాల నడవాల్సిందే.

ఆ రోజు అడిగినవాడు కూర్మారావు. ఆయన దగ్గరే లెక్కలు నేర్చుకుని, ఇంజనీరై, పల్లెటూరి బడిలో థిన్ క్లయింట్లు పెట్టించినవాడు. అవేమిటంటారా? హెడ్మాస్టరు గదిలో పెద్ద మిషను ఒక్కటి ఉంటుంది. పిల్లల ముందు మాత్రం పలకంత పెట్టె, దానికో తెర. పెట్టెకు సొంత బుర్రంటూ లేదు, బుర్రంతా పెద్ద మిషనుదే. అందుకే చవక. చవక కాబట్టే ముప్పైమంది పిల్లలకు ముప్పై దక్కాయి.

"ఇంకో నలభై బళ్లలో పెట్టమంటున్నారు మాస్టారూ. ఒప్పుకోమంటారా?" అన్నాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు, పాపం.

మాస్టారు చెప్పులేసుకున్నారు. "మొదట పెట్టిన బడికి పోదాం, పద" అన్నారు.

వెళ్లేసరికి కంప్యూటర్ల గదిలో ముప్పై పెట్టెల మీదా పచ్చలైట్లు వెలుగుతున్నాయి. కూర్మారావుకి ప్రాణం లేచొచ్చింది. గదిలో ఒక్కర్తే పిల్ల, పైడితల్లి. ఏడో తరగతిలో చూపు పోయింది, ఇప్పుడు పదో తరగతి. కొట్టిన ప్రతి అక్షరాన్నీ పెట్టె పైకి చదివి వినిపించేలా ఆ పిల్ల కోసమే ఏర్పాటు చేశాడతను. పరీక్ష ఇంకొకరి చేత రాయించుకోను, నేనే రాస్తానని దాని పంతం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని టకటకా కొడుతోంది.

కూర్మారావు తెర వంక చూశాడు. కనెక్షన్ లేదు అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. పెద్ద మిషను దగ్గరికి పరిగెత్తాడు. కప్పు కారి, అది తడిసి చచ్చిపోయి మూణ్ణెల్లయిందట.

"పైనుంచి ఫోన్ చేసినవాళ్లు లైట్లు వెలుగుతున్నాయా అనే అడుగుతారండీ. వెలుగుతున్నాయనే చెప్పాం" అన్నాడు హెడ్మాస్టరు, నిబ్బరంగా. చూపున్న పిల్లలు తెర చదువుకుని ఏనాడో ఆటల్లో పడ్డారు. ఈ పిల్ల అడిగినా అదే జవాబు. లైటు వెలుగుతోందమ్మా, బాగానే ఉంది. ఛీ, ఏం మనుషులండీ!

కూర్మారావు తిరిగొచ్చేసరికి అడుగుల చప్పుడు పోల్చుకుని పైడితల్లి హెడ్‌ఫోన్లు తీసింది.

"సార్, మా అమ్మకి చెప్పకండేం. నాకు చెవులు కూడా పోతున్నాయి."

"అదేంటమ్మా! నా మాట వినబడుతోంది కదా?"

"మనుషుల మాట వినబడుతోంది సార్, దీని మాటే వినబడ్డం మానేసింది. కళ్లు కూడా ఇలాగే కదా పోయాయి. ముందు బోర్డు మీద అక్షరాలు పోయాయి. తర్వాత అమ్మ మొహం." "పూర్తిగా పోయేలోపు చేతులకైనా అలవాటు కావాలని రోజూ కొడుతున్నాను" అంది.

కూర్మారావుకి దుఃఖం పొంగుకొచ్చింది. "నీ చెవులు బంగారంలా ఉన్నాయి తల్లీ, పాడైంది మిషను" అన్నాడు. పైడితల్లి రెండు చెవులూ తడుముకుంది. మొహం విప్పారింది. ఆ వెంటనే వాడిపోయింది.

"మరి మూణ్ణెల్ల నుంచీ నేను రాసిందంతా ఎక్కడికెళ్లింది సార్?"

ఆ మూణ్ణెల్ల రాత ఎక్కడికీ చేరలేదు. అంతకుముందు రెండేళ్లుగా రాసుకున్నదేమో ఆ చచ్చిన మిషనులోనే ఉండిపోయింది. పరీక్షకి ఇంక ఇరవై రోజులు.

తిరుగుదారిలో ఊరు దగ్గర పడుతుండగా కూర్మారావు, "మాస్టారూ, నా ప్రశ్నకి..." అని ఆగిపోయాడు.

"మూణ్ణెల్లు తన చెవుల్ని అనుమానించింది గానీ, నీ పెట్టెని అనుమానించలేదురా" అన్నారు మాస్టారు. ఇంటి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగారు.

"ఎన్ని బళ్లన్నావు?"