పచ్చి కొమ్ముల పంచాయితీ

కొమ్ములు పైకెత్తుకుని నిలబడ్డ మగ దుప్పిని చూసి మురిసిపోతారు గానీ, ఆ కొమ్ములు రాలి మళ్ళీ మొలిచేటప్పుడు చూడాలండీ పాపం వాడి అవస్థ! లేత కొమ్ము మీద ముఖమల్ లాంటి తోలు, లోపల వెచ్చటి నెత్తురు. ముల్లు గీసుకుంటే బొటబొటా కారుతుంది. గట్టి దెబ్బ తగిలితే కొమ్ము వంకర తిరుగుతుంది. అందుకే ఆ మూడు నెలలూ వాడు పొదల్లో దూరడు, ఎవరితోనూ తల ఢీకొట్టడు. అడవిలో వాటిని పచ్చి కొమ్ములంటారు.

సీతాఫలాల కొండ అడవిలో ఓ కట్టుబాటు ఉండేది. ఆడ దుప్పినీ పిల్లనీ ఎప్పుడూ ముట్టకూడదు. మగ దుప్పినైతే కొమ్ము ఎండి గట్టిపడ్డాకే వేటాడాలి. ఎప్పుడో ఒంటికన్ను పులిదొర పెట్టిన కట్టు అది. "ఎంత జాలిగల దొరో!" అని అడవంతా ఇంకా చెప్పుకునేది.

ఆ ఏడు చలికాలంలో ఈ కట్టు ఎత్తేయాలని నక్క మామ పంచాయితీ పెట్టించాడు. తీర్పరి ఎలుగు పెద్దాయన. ఒక పక్క చిరుతమ్మ, రెండు పసికూనల తల్లి, డొక్కలు లోపలికి పోయి ఉంది. ఇంకో పక్క దుప్పుల మంద. మంద తరఫున మాట్లాడేందుకు చుక్కన్న ముందుకొచ్చాడు.

ఈ చుక్కన్న సంగతి చెప్పాలి. కిందటేడు పచ్చి కొమ్ముకి చెట్టుమోడు తగిలి ఎడమ కొమ్ము వంకరగా ఎదిగింది. "వంకరోడు, వంకరోడు" అని మందంతా ఏడిపించుకు తిన్నారు. ఒక్క ఆడ దుప్పీ వాడి పక్కన మేయలేదు. ఈసారి రెండూ తిన్నగా లేస్తున్నాయి. రోజూ సెలయేట్లో చూసుకుని మురిసిపోతున్నాడు. సరిగ్గా ఇప్పుడే ఈ గొడవ! కట్టు పోతే కొమ్ముల మాట అటుంచి, అసలు తలే మిగలదు.

"పెద్దయ్యా, ఇందులో నాకేం స్వార్థం ఉంది?" నక్క మామ మొదలెట్టాడు. "కొమ్ములు ఎండేదాకా చిరుతమ్మ పిల్లలు గాలి తిని బతకాలా? వేట కాలాన్ని పచ్చి కొమ్ముల రోజులకీ పొడిగిద్దాం. ఒంటికన్ను దొరది పాతకాలపు జాలి. జాలితో కడుపు నిండుతుందా?"

"స్వార్థం లేనివాడివి ఆ కొమ్ముల వంక చూసి మూతి నాక్కుంటావేంరా?" అంది కొమ్మ మీంచి కొండముచ్చు గవరమ్మ.

నక్క మామ గబుక్కున నాలుక లోపల పెట్టుకున్నాడు. అసలు సంగతి అదే మరి. చిరుత తిని వదిలిందే వాడి భోజనం. ఎండు కొమ్ము వాడి పళ్ళకి లొంగదు. పచ్చి కొమ్మయితే చెరుకు ముక్కలా నమిలెయ్యొచ్చు.

చిరుతమ్మ తల దించుకునే మాట్లాడింది. "నాకు జాలి లేదనుకోకండి. ఇన్నాళ్ళూ కుందేళ్ళతోనే నెట్టుకొచ్చాను. నిన్న చిన్నది పాలు రాక నన్నే కొరికింది. నన్నేం చెయ్యమంటారు?"

చుక్కన్నకి ఆ తల్లి మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు.

"నీ ఆకలి అబద్ధం కాదమ్మా. కానీ ఇప్పుడు మేం ముళ్ళపొదల్లో దాక్కోలేం, బయలులోనే నిలబడాలి. నెల తిరక్కుండా మగాళ్ళందరం అయిపోతాం. ఇక మందలో పిల్లలు ఎలా పుడతాయి? వచ్చే ఏడు నీ కూనలు ఏం తింటాయి?"

"మాట బాగానే ఉంది," అని ఎలుగు పెద్దాయన వీపు గోక్కున్నాడు.

పని చెడేలా ఉందని నక్క మామ కంగారుపడ్డాడు. "వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు! అమ్మా, ఇంత తేలిక వేట ఇంకోటి లేదు. వాడికున్న ఆయుధం కొమ్ములే కదా? ఇప్పుడవి ముట్టుకుంటే చాలు, కూలబడతాడు. అంతెందుకు, నేనైనా పడగొట్టేస్తాను!"

చుక్కన్న చెవులు నిక్కబొడిచాడు. నేనైనా అన్నాడే! ఈ నక్క జన్మలో ఒక్క దుప్పినీ తరిమినవాడు కాదు. చచ్చిన దుప్పుల్నే చూశాడు. వాణ్ణే తన మీదకి రమ్మందామా అనుకున్నాడు గానీ, ఒక్క అడుగు తప్పితే మళ్ళీ వంకరోడే. తనొక్కడికే అయితే పోనీ అనుకోవచ్చు, మందంతా తన వెనకే ఉంది.

మెడ వాల్చి నీరసంగా అన్నాడు. "నిజమే మామా, గాలి తగిలినా ప్రాణం పోతోంది. నువ్వే పడగొట్టి చూపించు. నేను పడితే కట్టు ఎత్తేయండి. పడకపోతే ఇక ఈ ఊసెత్తకూడదు."

"ఒరే పిచ్చి నాయనా!" గవరమ్మ నోరు నొక్కుకుంది.

నక్క మామ ఇటూ అటూ చూశాడు. "పాపం, నాకెందుకులే..."

"తేలికన్నావుగా," అంది చిరుతమ్మ. "కానివ్వు."

ఇంక తప్పలేదు. "ఏమీ అనుకోకు అల్లుడూ," అంటూ ఎడమ కొమ్ము మీదకి దూకాడు.

చుక్కన్న తల వెనక్కి వాల్చి, వెనక కాళ్ళ మీద నిలువునా లేచాడు. కొమ్ములు ఎక్కడో పైన, ముందు గిట్టలు నక్క మూతి ముందర. టపా టపా రెండే దెబ్బలు. మూడోది పడకముందే నక్క మామ తంగేడు పొదలో ఉన్నాడు.

"చచ్చాన్రోయ్! కాళ్ళతో కొడతాడని ఎవరూ చెప్పలేదేంటి?"

"నువ్వు అడిగావా?" అంది గవరమ్మ. "పచ్చి కొమ్ములప్పుడు మగాళ్ళు కొట్టుకునేదే అలాగ. పైనుంచి రోజూ చూస్తూనే ఉన్నా."

చిరుతమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ గిట్ట నా కంటికి తగిలితే నా కూనల్ని ఎవరు సాకుతారు?" అంది మెల్లగా.

ఆ మాటకి ఎలుగు పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "ఆగండాగండి! ఒంటికన్ను దొరకి పుట్టుకతో రెండు కళ్ళూ ఉండేవర్రా! మా తాత చెప్పేవాడు. ఈ కట్టు పెట్టిన ఏడే ఒకటి పోయింది. ఎలా పోయిందని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. జాలంట, జాలి!"

అడవంతా పడీ పడీ నవ్వింది. కట్టు నిలిచింది.

చిరుతమ్మ కూనల దగ్గరికి బయల్దేరుతుంటే చుక్కన్న వెనకే నాలుగడుగులు వేశాడు. "పంచాయితీకి రానివాళ్ళ గురించి చెప్పకూడదు గానీ అమ్మా, సెలయేటి దిగువన అడవిపందులు దుంపలు తవ్వుకుంటున్నాయి. వాటికి ఏ కట్టూ లేదు." చిరుతమ్మ ఒక్క క్షణం వాడి వంక చూసి దిగువకి నడిచింది.

రెండు నెలలు గడిచాయి. చుక్కన్న కొమ్ములు తిన్నగా, నున్నగా గట్టిపడ్డాయి. ఎండిన తోలు చెట్టుకేసి రుద్దుకుంటుంటే పేలికలు పేలికలుగా ఊడి పడుతోంది. నక్క మామ అటుగా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ముందు పళ్ళు నాలుగు లేవు.

చుక్కన్న ఒక పేలిక కాలితో అటు తోశాడు. "తీసుకో మామా. నువ్వు ఆశపడ్డది దీని మీదేగా? ఏటా మేమే రుద్ది పారేస్తాం. ఒక్క మాట అడిగుంటే ఊరికే ఇచ్చేవాణ్ణి."

నక్క మామ నమలబోయాడు. కుదరక చప్పరించాడు.

"ఎలా ఉంది?"

"ఉప్పగా ఉంది," అన్నాడు తల ఎత్తకుండా.

నీతి: మెత్తగా ఉన్నవాణ్ణి చేతకానివాడనుకునే ముందు, మన పళ్ళు మనం ఒకసారి తడిమి చూసుకోవడం మంచిది.