తల వంచుకున్న బొమ్మ

"ఏటి ఇసకలో వచ్చేదెవరే చెల్లీ, మొహము కానరాదే…"

చిన్నప్పుడు పాడుకున్న పాట. "మరెట్లా పోల్చుకున్నావే" అని అక్క అడుగుతుంది. చెల్లెలు చెప్పే జవాబు ఎంత తలుచుకున్నా నోటికి రావడం లేదు. పాట మొదలుపెడితే మాత్రం కైలాసం గారు గుర్తొస్తారు.

కైలాసం గారు కాళహస్తిలో గుడ్డ మీద కలంకారీ బొమ్మలు వేసేవారు. అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. కండువా భుజాన వేసుకుని "పదమ్మా" అని ముందు నడిచేవారు. నలభై దాటాక నేను ఆయన దగ్గర పనికి కుదిరాను. బొమ్మ కింద పేరు రాయాలి కనుక అక్షరాలు కూడా అక్కడే దిద్దాను. రాత కుదిరింది గానీ బొమ్మ కుదరలేదు. ఏ ఆడమనిషిని గీసినా అదే కోలమొహం, అవే చేపకళ్లు.

"మునెమ్మా, కింద పేర్లు చెరిపేస్తే రావణాసురుడు సొంత పెళ్లాన్నే ఎత్తుకుపోతాడు!" అన్నారొకసారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కానీ నేను వచ్చింది సీత కోసం కాదు. నా కూతురు చెంగి తొమ్మిదో ఏట కామెర్లతో పోయింది. ఒక్క ఫోటో లేదు. ఏడాదికేడాది దాని మొహం నాలోంచి చెరిగిపోతోంది. పూర్తిగా పోకముందే గుడ్డ మీద నిలుపుకుందామని వచ్చాను. ఎన్నిసార్లు గీసినా సీతే వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అయ్యా, కన్నబిడ్డ మొహం నా చేతికి ఎందుకు రాదు?"

"పదమ్మా" అన్నారు.

స్వర్ణముఖి ఒడ్డుకు తీసుకెళ్లారు. మిట్టమధ్యాహ్నం. దూరంగా నీళ్లల్లో నలుగురు ఆడవాళ్లు రంగు గుడ్డలు జాడిస్తున్నారు.

"అందులో మీ వదిన ఎవరు?"

"అదిగో, ఆ చివర."

"కళ్లు కనిపించాయా?"

"ఇంత దూరానికి కళ్లెట్లా కనపడతాయయ్యా? నడుం మీద చెయ్యేసుకుని, ఊరందరి మీదా అలిగినట్టు నిలబడింది చూడండి, అది మా వదినే."

ఆయన వెనక్కి వచ్చి నా ముందు కొత్త గుడ్డ పరిచారు. చింతబొగ్గు చేతికిచ్చి, "చెంగి ఎట్లా నిలబడేది?" అని అడిగారు.

అదొక్కటీ నాకు తెలుసు. తప్పు చేసి వస్తే ద్వారబంధం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క రుద్దుకునేది. ముందు ఆ పాదం గీశాను. తరవాత ద్వారబంధం మీద చెయ్యి. జారిన జడ. వంచుకున్న తల. చెంగే! నా బిడ్డే వచ్చి నిలబడింది.

బొగ్గుగీత దులిపితే పోతుంది. నల్లరంగు ఒకసారి పడితే ఉతికినా పోదు. ఆ నల్లరంగులో ముంచిన వెదురుకలం ఆయన నాకు అందించారు. పాదం నుంచి జడ దాకా గీతలన్నీ ఖాయం చేశాను. మొహం దగ్గర ఆగిపోయాను.

"ఇక్కడ నాకేమీ గుర్తు లేదయ్యా. మీరే వెయ్యండి" అని ఏడ్చాను.

ఆయన కలం ముట్టుకోలేదు. మర్నాటి నుంచి మంచం దిగలేదు, నెల తిరక్కుండానే పోయారు. ఆ గుడ్డ ఈనాటికీ నా గదిలో, మొహం లేకుండానే ఉంది. ఆ రోజు ఆయన కండువా దులుపుకుని లేస్తూ అన్నదే నాతో ఆఖరి మాట.

"తల వంచుకుంది కదమ్మా. పిలువు. ఎత్తినప్పుడు గీద్దువుగానీ."